నాన్న పేర్చిన ఊరు

నాన్న పోయాక ఆయన వస్తువుల్లో ఎవరమూ ముట్టుకోనివి రెండు మిగిలాయి. ఒకటి తాపీ సంచి, రెండోది ల్యాప్‌టాప్. సంచిని అమ్మ మంచం కిందికి తోసేసింది. ల్యాప్‌టాప్ మీద పాత తువ్వాలు కప్పి బియ్యం డబ్బా మీద పెట్టింది. నేను నరసరావుపేట నుంచి వచ్చిన ప్రతి ఆదివారం అది అక్కడే కనిపించేది. తీసుకుపొమ్మని అమ్మ అనలేదు. తీసుకుపోతానని నేనూ అనలేదు.

అందులో మా ఊరుంది.

మా ఊరు ఇప్పుడు బయట ఎక్కడా లేదు. కృష్ణ ఒడ్డున ఉండేది. నది మీద ప్రాజెక్టు కట్టాక నీళ్ళ కిందికి పోయింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో అందరినీ మెట్టమీద కట్టిన కాలనీకి పంపేశారు. ఇక్కడ ఇళ్ళన్నీ ఒకే వరసలో, ఒకే కొలతలో ఉంటాయి. కొత్తలో మా వాళ్ళు పొరపాటున పక్కింట్లోకి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చేవాళ్ళు.

నాన్న తాపీ మేస్త్రి. పాత ఊళ్ళో సగం ఇళ్ళ గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళే ఆయన్ని మళ్ళీ పిలిచారు, పెంకులు పగలకుండా దించడానికి, దూలాలు చెడకుండా ఊడదీయడానికి, దర్వాజాలు గోడలోంచి పెకలించడానికి. ఎవరికి వారు పనికొచ్చే సామానంతా ట్రాక్టర్లలో వేసుకుని పోయారు. నాన్న ఆ కాలమంతా తను కట్టిన ఇళ్ళ కప్పులు విప్పుతూ తిరిగాడు. పొద్దుపోయాక ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా అన్నం తినేవాడు. నేను చివరిసారి చూసిన మా ఊరు మొండిగోడల ఊరు. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి.

కాలనీకొచ్చాక కూడా నాన్న పనికి వెళ్ళేవాడు. ఒకసారి రెంటచింతలలో డాబా గోడ కడుతూ, ఎండకు కళ్ళు తిరిగి పరంజా మీంచి పడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది. అతుక్కుంది కానీ నిచ్చెన ఎక్కే కాలు కాకుండా పోయింది. అప్పటిదాకా రోజుకో ఊళ్ళో ఉండే మనిషి, రోజంతా వసారాలో కుర్చీలో కూర్చుని వచ్చేపోయే ఆటోలు చూసేవాడు.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఖాళీ పీరియడ్లలో పిల్లలు ఒక ఆట ఆడుతుండేవాళ్ళు. అందులో గెలవడం, ఓడటం ఉండవు. ఒక ఖాళీ లోకం ఇస్తారు. రకరకాల దిమ్మలు ఇస్తారు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఎవరికి కావలసింది వాళ్ళు కట్టుకోవచ్చు. అది చూస్తుంటే నాకు నాన్న గుర్తొచ్చాడు. నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఆట వేసి కాలనీకి తీసుకొచ్చాను.

"సిమెంటేది?" అన్నాడు నాన్న మొదటిరోజు.

"అక్కర్లేదు నాన్నా. పెడితే అవే అతుక్కుంటాయి."

"అట్టా ఎట్టా అతుక్కుంటయ్?" అన్నాడు కానీ, చూపుడువేలితో ఒక్కొక్క దిమ్మా పెడుతూ సాయంత్రానికి ఒక గోడ లేపాడు. మౌస్ పట్టుకోవడం సరిగా రాలేదు. గోడ మాత్రం వంకర లేకుండా వచ్చింది. రెండు దిమ్మల సందు మీద పైవరస సందు పడకుండా కట్టాడు. ఆ ఆటలో దాని అవసరం లేదని చెప్పాను. "అలవాటు" అన్నాడు.

తర్వాతి ఆదివారానికి మా వీధి మొదలుపెట్టాడు. నన్నేమీ అడగలేదు. మా ఇల్లు కట్టాడు, ఎదురిల్లు కట్టాడు, వీధి మలుపులో ఉండే దూదేకులవాళ్ళ ఇల్లు కట్టాడు. ఏ ఇంటికి ఎన్ని మెట్లో, ఏ వసారా ఎంత వాలుగా ఉండేదో ఆయనకు చెయ్యి చెబుతున్నట్టుండేది. అయితే ఆ ఆటలో నాపరాళ్ళు లేవు. బంగాళాపెంకులు లేవు. వేపచెట్టు లేదు. గేదె లేదు.

"ఇయ్యన్నీ యాడ దొరుకుతయ్?" అన్నాడు.

"మోడ్లు వేసుకోవాలి నాన్నా" అన్నాను.

మోడ్ అంటే, ఆట చేసిన కంపెనీ ఇచ్చింది కాకుండా, ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు ఇంట్లో కూర్చుని చేసి ఊరికే పంచిపెట్టే అదనపు సామాను. ఒకరు పెంకులు చేస్తారు, ఒకరు చెట్లు చేస్తారు. దింపుకుని ఆట ఫోల్డర్‌లో వేస్తే చాలు, ఆటలోకి వస్తాయి. ఎలా దింపుకోవాలో ఒకసారి చూపించాను. ఇక ఆయన ఆగలేదు. ఫోన్‌లో వీడియోలు చూసేవాడు, భాష అర్థం కాకపోయినా బొమ్మ చూసి పోల్చుకుని దింపేవాడు. ఇంగ్లీషు పేర్లు చదవలేక, దింపిన ప్రతి ఫైలుకీ తెలుగులో పేరు పెట్టుకునేవాడు. పెంకులు, పాత పెంకులు, ఎర్ర పెంకులు వద్దు, వేప, వేప కాదు. ఒకే మోడ్ మూడుసార్లు దింపినవీ ఉన్నాయి. ఒకదానికొకటి పొసగనివీ ఉన్నాయి.

"ఇట్లా అన్నీ ఒకేచోట కుమ్మరిస్తే ఎప్పుడో ఆట తెరుచుకోదు నాన్నా" అన్నాను.

"ఇప్పుడైతే తెరుచుకుంటందిగా" అన్నాడు.

ఒక వేసవి మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. పక్కింట్లో మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన అమ్మ, నిద్రపోతున్నాడనుకుంది. తెర మీద ఆట నడుస్తూనే ఉంది. ఆటలోని ఊళ్ళో పొద్దు గూకుతోందని అమ్మ తర్వాత చెప్పింది. ఎలా ఆపాలో తెలియక మూత వేసేసిందట.

*

చాలా నెలలు గడిచాక, ఒక ఆదివారం అమ్మ తనే ఆ తువ్వాలు తీసి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"మీ నాన్న కట్టిన ఊరు చూపిచ్చవే" అంది.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకని అడిగాను.

"నాకు కల్లో ఊరొస్తంది. వచ్చినప్పుడల్లా మొండిగోడలే వస్తన్నయ్. యాడికి పోయినా కప్పు లేదు. నెత్తిన ఎండ. ఆయన కప్పులేశాడంటివిగా. ఒక్కసారి చూస్తే కల పోద్దేమోనని."

తెరిచాను. తెరుచుకోలేదు. ఇన్ని నెలల్లో ఆట తనంతట తను కొత్త వెర్షన్‌కి మారిపోయింది. నాన్న దింపినవన్నీ పాత వెర్షన్‌కి చేసిన మోడ్లు. ఎర్ర అక్షరాలతో ఏదో లేదని చెప్పి మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాను. ఈసారి ఇంకేదో లేదంది.

మొదట చేసిన పని, ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టడం. ల్యాబ్‌లో పిల్లలకు రోజూ చెప్పే మాటే అది. ఏం చేసినా నకలు మీద చెయ్యాలి, అసలు జోలికి పోకూడదు. తర్వాత ఆ నకలు తెరవడానికి ప్రయత్నించాను. కొన్ని మోడ్లు తీసేస్తే తెరుచుకునేలా కనిపించింది. తీసేశాను. ఒక హెచ్చరిక వచ్చింది. లేని మోడ్లకు చెందిన వస్తువులన్నీ ఈ లోకంలోంచి పోతాయి, మళ్ళీ రావు, సరేనా అని. నకలే కదా అని సరే నొక్కాను.

ఊరు తెరుచుకుంది. ఒక్క ఇంటికీ కప్పు లేదు.

పెంకులు ఒక మోడ్‌వి, దూలాలు ఇంకొక మోడ్‌వి, తలుపులు మరొకదానివి. అవన్నీ పోయి, నాన్న మామూలు దిమ్మలతో కట్టిన గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. దర్వాజాలు ఉండాల్సిన చోట గోడకు బొక్కలు. వీధి పొడుగునా ఒక్క మనిషి లేడు, ఒక్క గొడ్డు లేదు. నేను చివరిసారి ట్రాక్టర్ మీంచి వెనక్కి తిరిగి చూసిన ఊరు ఏ గోడకా గోడ అదే.

వెనకనుంచి అమ్మ చూస్తోందని నాకు తెలియలేదు.

"నా కల్లో ఇదేనే" అంది. చేతిలో చేట కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ లోపలికి వచ్చి తెర వైపు చూడలేదు.

అప్పుడు పట్టుకుంది నాకు పట్టుదల. ఆ ల్యాప్‌టాప్‌ని నరసరావుపేట తీసుకుపోయాను. ఇలాంటి ఆటలకు మోడ్లు సర్దిపెట్టే ప్రోగ్రాం వేరే ఉంటుంది. ఏ లోకానికి ఆ లోకం, దాని ఆట వెర్షన్, దాని మోడ్లు విడిగా ఒక అరలో ఉంచుతుంది. ఒక అరలో మార్పు చేస్తే ఇంకొకదానికి తగలదు. అది వేసుకుని, ముందుగా ఆటని నాన్న వాడిన పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పాను. తర్వాత ఒకటే మోడ్ మూడేసి ఉన్నచోట రెండు తీసేశాను. ప్రతి మోడ్‌కీ అసలు పేరు వెతికి, నాన్న పెట్టిన పేరు పక్కన రాసుకున్నాను. నాన్న పేరు మాత్రం ఒక్కటీ చెరపలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చాలా మోడ్లు ఒంటరిగా నిలబడవు. వాటి కింద ఇంకొక మోడ్ ఉండాలి. పెంకుల మోడ్‌కి అడుగున రంగుల మోడ్ కావాలి. మనుషుల మోడ్‌కి అడుగున నడకలు నేర్పే మోడ్ కావాలి. ఆ అడుగువి కొన్ని ఇప్పుడు దొరకడమే లేదు. చేసినవాళ్ళు తీసేశారు. నాన్న పాత పెన్‌డ్రైవ్‌లలో, ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. అన్నీ చేర్చాక కూడా ఆట పడిపోతుంటే, సగం మోడ్లు తీసి తెరిచి చూడటం, తెరుచుకుంటే తప్పు ఆ తీసిన సగంలో ఉందని దాన్ని మళ్ళీ సగం చెయ్యడం. ఇలా తగ్గించుకుంటూ పోతే చివరికి పొసగని మోడ్ ఒక్కటి చేతికి చిక్కుతుంది. మధ్యాహ్నం భోజనం టైములో ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు అదే పని.

ఒక ఫైలు మాత్రం ఎందుకో అర్థం కాలేదు. నాన్న దానికి 'ఆపు' అని పేరు పెట్టాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడా దాని జాడ లేదు. ఏం ఆపుతుందో తెలియదు. వాన ఆపడానికేమో అనుకున్నాను. అది ఉంటే నేను వెతికి చేర్చినవాటిలో ఒకటి పనిచేయడం లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను.

ఒక మధ్యాహ్నం తాజా నకలు ఒకటి తీసి తెరిస్తే, ఎర్ర అక్షరాలు రాలేదు. కప్పులు వచ్చాయి. పాత పెంకులు, వాటి మీద వేప నీడలు. తలుపులకు పసుపు రంగు. నేను అలాగే కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. మనుషులు కూడా ఉన్నారు. వీధిలో నిలబడి ఒకరు, అరుగు మీద ఒకరు. చుట్టూ తిరిగి చూడలేదు. అమ్మతో కలిసి చూడాలనిపించింది.

*

ఆదివారం అమ్మ తల దువ్వుకుని, ఎక్కడికో ప్రయాణం పోతున్నట్టు ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను ఊళ్ళోకి నడిపించాను. అమ్మ ముందు కప్పులు చూసింది. ప్రతి ఇంటి కప్పూ చూసింది.

"వేశాడు" అంది.

కొంచెం ముందుకు పోయాక, "ఆగాగు. ఆ అరుగు మీద పచ్చచీర, అది చిట్టిగాజుల పెద్దమ్మ గదే. అట్టాగే ఒక కాలు కిందికి జారేసి కూర్చునేది" అంది. నాకు తెర మీద కనబడేది నలుచదరపు తలకాయ, పచ్చ దిమ్మ. అమ్మకు మనిషి కనబడుతోంది. ఇంకొంచెం దూరంలో కర్ర పట్టుకున్న మనిషి. "గొర్రెల తాత." బావి దగ్గర ఇద్దరు. "తోడికోడళ్ళు. ఇద్దరూ మాట్టాడుకునేవాళ్ళు కాదు, నీళ్ళకి మాత్రం ఒక టైముకే వచ్చేవాళ్ళు." అమ్మ నవ్వింది. దూదేకుల ఇంటి ముందు టోపీ పెట్టుకున్న మనిషిని చూసి, "మామూ" అంది. చిన్నప్పుడు ఆయన్ని నేనూ అలాగే పిలిచేదాన్ని.

"బాయిలో నీళ్ళు లేవేందే?" అంది ఉన్నట్టుండి.

వంగి చూశాను. లోపల అడుగుదాకా రాయే. నది వైపు నడిపించాను. నది ఉండాల్సిన చోట ఇసుక, బండలు. చుక్క నీరు లేదు. ఆ లోకం మొత్తంలో నాన్న ఎక్కడా నీళ్ళు పెట్టలేదు.

తిరిగి ఊళ్ళోకి వచ్చాం. అమ్మ ఇంకా కొందరిని పోల్చింది. తర్వాత తెర మీద చూపిస్తున్న వేలు వెనక్కి తీసుకుంది. నేను తల తిప్పి చూశాను.

"అందరూ పోయినోళ్ళేనే" అంది.

"ఏంటి?"

"వీళ్ళంతా చచ్చిపోయినోళ్ళే. కొందరు అక్కడుండంగానే పోయారు, కొందరు ఈడకొచ్చినాక పోయారు. బతికున్నోళ్ళని ఒక్కళ్ళని పెట్టలా మీ నాన్న. చూడు, పెద్దమ్మ ఉంది, పెదనాన్న లేడు. ఆయన పక్కవీధిలో బీడీ కాల్చుకుంటా కూర్చోనుండాడు."

వసారాలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. బయట ఎర్రటి ఎండ. నా చెయ్యి మౌస్ మీద ఉంది కానీ ముందుకు నడపాలనిపించలేదు. అమ్మే, "మనింటికి పోనీ" అంది.

మా ఇంటి గేటు తీశాను. దొడ్లో గేదెల తొట్టి పక్కన ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా. మేము లోపలికి వస్తుంటే తల మా వైపు తిప్పాడు. ఆ ఆటలో బొమ్మలన్నీ దగ్గరికొస్తే అలాగే తిప్పుతాయి. అయినా నేను ఆగిపోయాను.

"ఎవరే అది?" అంది అమ్మ.

"నాన్నేమో."

"మీ నాన్న కాదు. మీ నాన్న బతికుండంగా కట్టింది గదా ఇది. మన దొడ్లో మగోడు ఎవడుండాడు?"

ఇద్దరం అతన్నే చూస్తూ కూర్చున్నాం. అతను తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు. మా తాత మా ఇంట్లో పోలేదు. బాబాయిలు ఎవరూ లేరు. అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూసెయ్" అంది.

*

ఆ వారమంతా ఆ తెల్ల చొక్కా మనిషి నా వెంట తిరిగాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, ల్యాబ్‌లో హాజరు తీసుకుంటున్నా, తల తిప్పి చూసిన ఆ చూపే గుర్తొచ్చేది. చివరికి పక్కన పెట్టిన 'ఆపు' అనే ఫైలు మళ్ళీ తెరిచాను. ఇలాంటి ఫైళ్ళ లోపల చేసినవాళ్ళ ఐడీ ఏదో ఒకటి ఉంటుంది. ఉంది. దానికి మెసేజ్ పెట్టాను. ఫలానా మేస్త్రి కూతుర్ని, ఈ మోడ్ ఎందుకో చెప్తారా అని. నా ఫోన్ నంబరూ ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. కృష్ణ అవతల ఒక ఊళ్ళో డిగ్రీ చదువుతోందట. సరదాకి చిన్నచిన్న మోడ్లు చేసి పెడుతుంటుందట.

"అక్కా, అంకుల్ మంచిగున్నడా? నాకు రోజూ వాయిస్ మెసేజ్ పెడుతుండె. చానా దినాలైంది రాక."

చెప్పాను.

"అయ్యో. నాకు తెల్వదక్కా" అంది. "నేను చేసిన గొడ్ల మోడ్ చూసి మెసేజ్ పెట్టిండు ఫస్టు. ఇంగ్లీషు రాదమ్మా, మాట్లాడొచ్చా అని. అట్ల పరిచయం. తన ఊరి ముచ్చట చెప్తుండె. నీళ్ళ మోడ్ ఇయ్యాల్నా అంకుల్, నది మంచిగొస్తదంటే, నీళ్ళు వద్దమ్మా అన్నడు. అంతే అన్నడు, ఇంకేం అనలే."

"ఈ 'ఆపు' అన్నది ఏంటమ్మా?"

"అది అంకుల్ కోసమే చేసిన. ఇంకెవ్వరికీ ఇయ్యలే. ఆ మనుషుల మోడ్‌ల పిల్లలుంటరు గదక్కా. చిన్నపిల్లల్ని పెడితే కొంచెం సేపటికి వాళ్ళే పెద్దగైతరు. అంకుల్ ఒక పిల్లగాన్ని పెట్టుకుండు. అన్నం తిని వచ్చేసరికి వాడు పెద్ద మనిషైండట. మళ్ళ పెట్టిండు, మళ్ళ అట్లనే అయింది. వాణ్ణి పెరగకుండా ఆపు తల్లీ అని అడిగిండు. ఎందుకంకుల్ అంటే, వాడు అంతే ఉండాలమ్మా, వాడు అంత వరకే అన్నడు. నాకు సమజ్ కాలే. చేసిచ్చిన."

నాకు అర్థమైంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఖాళీ ల్యాబ్‌లో ఒక బల్ల మీద కూర్చుండిపోయాను.

నాకు ముందు మా అమ్మానాన్నలకు ఒక కొడుకు. నేను పుట్టకముందే పోయాడు. పరిగెత్తడం వచ్చింది, మాటలు వచ్చీరాని వయసు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గురజాల ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే అయిపోయింది. మా చేను గట్టు మీద పూడ్చారు. ఇంతే నాకు తెలుసు. ఇది కూడా ఎవరో చుట్టాలు చెబితే తెలిసింది. మా ఇంట్లో వాడి మాట ఎప్పుడూ రాలేదు. ఫోటో లేదు. ఆ గట్టు కూడా ఇప్పుడు నీళ్ళ అడుగునే ఉంది.

నేను 'ఆపు' తీసేసి తెరిచాను కాబట్టి, ఆ నకలులో వాడు పెరిగాడు.

*

అమ్మకు చెప్పకుండా ఉండొచ్చు. ఆ మాట ఒకటి రెండు రోజులు ఆలోచించాను కూడా. కానీ తర్వాతి ఆదివారం గుమ్మంలో అడుగుపెట్టగానే, "అతనెవరో తెలిసిందా?" అంది అమ్మ. ఆ వారమంతా ఆవిడకు కూడా అదే ధ్యాస అయి ఉంటుంది. చెప్పాను.

అమ్మ మిరపకాయల గోతం దగ్గర కూర్చుని ఉంది. వింటూ తొడిమలు తీస్తూనే ఉంది. నేను ఆగాక కూడా తీస్తూనే ఉంది.

"ఊరు వదిలేటప్పుడు మీ నాన్న ఆ గట్టు కాడికి పోయాడు" అంది. "పార తీసుకొని పోయాడు. పిడికెడు మట్టన్నా తెస్తాడనుకున్నా. ఉత్తచేతుల్తో వచ్చాడు. ఏమయ్యా అంటే పలకలా. నేనూ మళ్ళీ అడగలా. తవ్వలేకపోయాడో, తవ్వితే ఏం కనపడిందో. ఆ పార మాత్రం ఆడే పారేసి వచ్చాడు."

"అమ్మా…"

"తొట్టి చుట్టూ తిరిగేవాడే వాడు. గేదె తాగుతుంటే దాని ముట్టె మీద నీళ్ళు చల్లేవాడు. ఎంత కొట్టినా ఆ తొట్టి వదిలేవాడు కాదు." అమ్మ కారం చేతుల్ని చీరకు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోబోయి చేతులు గుర్తొచ్చి ఆగింది. "చిన్నోడిగా ఉన్నప్పటిది ఉందా?"

ఉంది. నాన్న వదిలిన అసలు ఊరు నేను ముట్టుకోలేదు. అందులో వాడు చిన్నవాడుగానే ఉంటాడు. కానీ అది తెరవాలంటే 'ఆపు' పనిచేయాలి. లేకపోతే చూస్తుండగానే పెరిగిపోతాడు. అవతలి ఒడ్డు అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేశాను. పిల్లాడు ఎవరో ఈసారి చెప్పాను. కొద్ది రోజుల్లోనే మిగతావాటితో పొసిగేలా ఆ మోడ్‌ని మళ్ళీ రాసి పంపింది. సర్దే ప్రోగ్రాంలో రెండో అర తెరిచి, అసలు ఊరి ఇంకొక నకలు తీసి, మోడ్లన్నీ 'ఆపు'తో సహా అందులో పెట్టాను. ఒక అరలో పెరిగినవాడు, ఇంకొక అరలో పెరగనివాడు. వీధులు అవే, కప్పులు అవే.

అమ్మ చూసింది. మోకాలెత్తు బొమ్మ, తొట్టి అంచుకు అందడం లేదు. చుట్టూ పరిగెడుతున్నాడు. పరిగెత్తి పరిగెత్తి ఆగి మా వైపు తల తిప్పాడు. మళ్ళీ పరిగెత్తాడు. ఎంతసేపు చూసినా వాడు అదే పరుగు. సాయంత్రం బస్సుకి టైమవుతోందని నేను కదిలితే, "నువ్వు పో. అది అట్టా ఉండనీ" అంది. ఛార్జర్ పెట్టి వెళ్ళిపోయాను.

తర్వాత కొన్ని వారాలు ఆ ఊసే ఎత్తలేదు. ల్యాప్‌టాప్ మీద తువ్వాలు మళ్ళీ వచ్చింది. కల గురించి అడిగితే, "ఇప్పుడు కప్పులుంటన్నయ్. కానీ ఎవురూ పలకరు" అంది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక తనే అంది. "పెద్దోణ్ణి చూపిచ్చు."

"ఎవరిని?"

"వాణ్ణే. పెరిగినోణ్ణి."

ఆ అర తెరిచాను. తెల్ల చొక్కా మనిషి తొట్టి పక్కనే ఉన్నాడు. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మీ నాన్న అంతెత్తున్నాడు" అంది. "మీ నాన్న వాణ్ణి అంతే ఉండాలన్నాడు. నేను మాత్రం ఏటా లెక్కేసుకుంటానే ఉన్నా. ఈ యేడు బడికి పోవాల్సినోడు, ఈ యేడు మీసాలొచ్చేయి, ఈ యేడు పెళ్ళి చెయ్యాల్సింది అని. ఇప్పుడు నడివయసు మనిషి వాడు. నాకు వీడే తెలుసు" అంది.

అమ్మ అలా లెక్కపెట్టుకుంటోందని, ఒకే ఇంట్లో పెరిగిన నాకు ఆ రోజే తెలిసింది. నాన్నకైనా తెలుసో లేదో.

రెండు అరలూ అలాగే ఉంచాను. ఏదీ తీసేయలేదు. కాలనీలో ఈ సంగతి పాకి, ఆదివారాలు ఒకరిద్దరు వచ్చి చూసిపోతుంటారు. పెదనాన్న వచ్చి పచ్చచీర దిమ్మ ముందు చాలాసేపు బీడీ ముట్టించకుండా కూర్చున్నాడు. ఎదురింటి అత్త మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. "పోయినోళ్ళని అట్టా తిప్పగూడదమ్మాయ్" అని బయటనుంచే చెప్పి వెళ్ళింది. ఆవిడ మాట తప్పని నేను అనుకోవడం లేదు.

మొన్నామధ్య అమ్మ, "మీ నాన్నని కూడా పెట్టు" అంది. "అందర్నీ పెట్టి తను బయటుంటే ఎట్టా. ఇప్పుడు తనూ ఆళ్ళల్లో మనిషేగా."

పెరిగినవాడున్న ఊళ్ళోనే పెట్టమంది. మనుషుల మోడ్‌లోంచి ఒక బొమ్మ తీసి, ఖాకీ నిక్కరు, బనీను వేసి, మా ఇంటి గుమ్మం ముందు నిలబెట్టాను. లోపల ఒక మంచం కూడా వేశాను. ఆ ఆటలో చీకటి పడితే ప్రతి బొమ్మా ఎక్కడ ఖాళీ మంచం దొరికితే అక్కడికి వెళ్ళి పడుకుంటుంది.

ఆటలో పొద్దు గూకింది. అరుగుల మీద వాళ్ళు లేచారు. గొర్రెల తాత లోపలికి పోయాడు. తెల్ల చొక్కా మనిషి తొట్టి వదిలి మా ఇంట్లోకి వెళ్ళి, నేను నాన్న కోసం వేసిన మంచం మీద పడుకున్నాడు. నాన్న కాసేపు గుమ్మం దగ్గర అటూ ఇటూ తచ్చాడాడు. తర్వాత వీధిలోకి దిగి, మలుపు తిరిగి, దూదేకులవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నేను కంగారుగా ఇంకొక మంచం వెయ్యబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీలే. ఆ ఇల్లు కట్టేటప్పుడు సామాను కాపలాకి రాత్రిళ్ళు ఆడే పడుకునేవాడు" అంది.